తార్నాక వెళ్ళొచ్చిన రవ్వచేప

ముసురు పట్టిన ఓ ఉదయం ఆరు గంటల బస్సుకు నేనూ, ఇత్తడి బిందెలో ఒక రవ్వచేపా హైదరాబాదు బయలుదేరాం. మా ఊరు డ్యాముకు ఎగువన ఉంది. కరెంటు కోసం ఏటికి అడ్డంగా గోడ లేచాక, వరదకు ఎదురీది గుడ్లు పెట్టడానికొచ్చే చేపలు గోడ కిందే ఆగిపోయాయి. మా బెస్తల వలల్లో నాచు తప్ప ఏమీ పడటం లేదు. గోడ పక్కన చేపలెక్కడానికి నీళ్ళు పారే మెట్లు కట్టాలా వద్దా తేల్చే కమిటీ యూనివర్సిటీలో కూర్చుంటోందని, బతికున్న చేపను తెమ్మని కబురొచ్చింది. బడిపంతులునైన నామీద ఇంగ్లీషు వచ్చునన్న అపవాదు ఉంది. అందుకని బెస్తల పెద్ద మల్లయ్య, గోడ కింద పట్టిన చేపను నా చేతికే ఇచ్చాడు.

"జర పైలం సారూ. మా బువ్వంత దీనిమీదనే ఉన్నది," అన్నాడు.

కండక్టరు బిందెకు లగేజీ టికెట్టు కొట్టాడు. పక్కసీటు అవ్వ లోపలికి తొంగిచూసింది.

"పులుసుకా, బిడ్డా?"

"కమిటీకవ్వా."

"ఎంతమంది?"

"ఎనిమిదిమంది."

"సాలదు," అంది.

పదకొండుకు గౌలిగూడలో దిగి, సిటీబస్సులో తార్నాక చేరాను. అక్కడి ఇరానీ హోటల్లో నాకు చాయ్, చేపకు కొత్తనీళ్ళు దొరికాయి. బిందెతో వెళ్ళేవారు క్యాంపసులో రిక్షా మాట్లాడుకోవడం మంచిది. నేను నడిచి భుజం పోగొట్టుకున్నాను.

జంతుశాస్త్ర డిపార్టుమెంటు వెనక సిమెంటు మెట్ల నమూనా కట్టారు. కింద తొట్టి, పైకి నీళ్ళు తోడే మోటారు. విద్యుత్ శాఖ పెద్ద ఇంజనీరు అధ్యక్షుడు. గంటసేపు ఉపన్యాసమయ్యాక ఆయనే స్విచ్చి నొక్కాడు. నీళ్ళు దూకాయి. తొట్టిలో వదిలిన మా చేప ఒక మెట్టెక్కింది. రెండోదీ ఎక్కింది. అంతలో కరెంటు పోయింది.

మూడో మెట్టు మీద చేప పొడిగా కొట్టుకుంటోంది. పరుగెత్తి తొట్టిలో వేశాను. అధ్యక్షుడు గడియారం చూసుకుని, "చేపకు పైకెళ్ళే ఆసక్తి లేదు. మెట్లు అనవసరం," అని రాయించాడు.

"నీళ్ళు లేకుండా ఎలా ఎక్కుతుందయ్యా?"

"పట్టుదల ఉండాలి మాస్టారూ," అని భోజనానికి లేచాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

వాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చోగానే కరెంటు వచ్చింది. చేప ఎవరూ చెప్పకుండానే మెట్లన్నీ ఎక్కేసింది. పరుగున వెళ్తే గుమ్మంలో ప్యూను ఆపాడు. "సాబ్‌లు తింటున్నరు. ఇప్పుడు పిలిస్తె నా నౌకరీ పోతది."

చేపను మళ్ళీ బిందెలోకి ఎత్తుకుని, సాయంత్రం బస్సుకు తిరుగుముఖం పట్టాం. హైదరాబాదు చూడదగ్గ ఊరే. ప్రతి ఆఫీసుకీ బోలెడన్ని మెట్లున్నాయి. బస్సు ఘాటురోడ్డు మీద డ్యాము పక్కనుంచి పైకెక్కి, రాత్రి పది దాటాక మా ఊళ్ళో దింపింది. మల్లయ్య లాంతరు పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఎక్కిందా సారూ?"

"ఎక్కింది."

"వాళ్ళు చూసిండ్రా?"

"లేదు. తింటున్నారు. మెట్లు వద్దని రాసేశారు."

 మల్లయ్య బిందె తీసుకుని ఏట్లోకి వంచాడు. చేప తోక ఒక్కసారి ఆడించి, ఎగువకు పోయింది. ఖాళీ బిందె నా చేతికిస్తూ అడిగాడు.

"ఇదొక్కటి గోడ దాటింది. మిగిలినయి గూడ గిట్ల బస్సులనే రావాల్నా సారూ?"