పన్నెండుకు పది నిమిషాలు

ఐనార్ హోవ్‌లాండ్ గోడగడియారం తలుపు తీసి, లోలకాన్ని రెండు వేళ్లతో ఎత్తి కొక్కెం నుంచి తప్పించాడు. అది వేలాడే ఉక్కు రేకు కాగితమంత పల్చన. పాత వంకర దగ్గరే చిట్లింది. నలభై ఏళ్లుగా ఈ శాసనసభ గడియారం బాగోగులు చూస్తున్న మనిషి. ఆ వంకర ఎలా వచ్చిందో అతనికి తెలుసు.

సోమవారం పదింటికి సభ మొదలయ్యేలోగా ఇది నడవకపోతే కరెంటు గడియారం పెట్టేస్తామన్నారు అధికారులు. భవనంలోని గడియారాలన్నీ ఒకే తీగ మీద నడుస్తాయట, ఒక్కదాన్నే ఆపడం కుదరదట.

ఆపడం లేకపోతే ఎలా? అమెరికాలోని ఆ రాష్ట్రంలో గవర్నరుది ఒక పార్టీ, సభ ఇంకో పార్టీది కావడం మామూలే. డెమోక్రాట్ గవర్నరు పన్ను పెంచి బడులకిద్దామనేవాడు. రిపబ్లికన్లు పన్ను తగ్గించి ఖర్చు కోద్దామనేవారు. బడ్జెట్ గడువు అర్ధరాత్రితో సరి, దాటితే ప్రభుత్వ ఆఫీసులూ బడులూ మూతే. పది నిమిషాలుండగా సభ ద్వారపాలకుడు ఓరిన్ పొడుగాటి కర్రతో లోలకాన్ని నొక్కిపట్టేవాడు; రేకు వంకరపోయింది ఆ నొక్కుడుకే. ముల్లు కదలనంతసేపు గడువు తీరనట్టే లెక్క.

ఒక ఏడాది రెండు రోజులపాటు గడియారంలో పన్నెండుకు పదే. ప్రభుత్వ అంధుల బడిలో వంట చేసే ఐనార్ భార్య మారిట్ అడవిబియ్యం సూపు తెచ్చింది. రెండు పార్టీలకీ ఒకటే గరిటె. చివరికి సిగరెట్ల మీద పన్ను కాస్త పెరిగింది, రెండు వంతెనలు ఆగాయి, మిగిలిన లోటు వచ్చే ఏడాదికి జరిగింది.

"గుంట పూడ్చలేదమ్మా, మీద చాప పరిచారంతే" అన్నాడు ఓరిన్.

"పరవనీ అన్నయ్యా. పొద్దున్నే నా పొయ్యి వెలుగుతుందిగా" అంది మారిట్.

ఓరిన్ పోయాక ఆ పనికి వెండెల్ వచ్చాడు. మొదటి రోజే ఐనార్ అతని చేతిలో కర్ర లాక్కుని, మళ్లీ గడియారాన్ని పొడిస్తే ఊరుకోనన్నాడు. మూడేళ్ల కిందట గడువు రాత్రి వెండెల్ దాని జోలికి పోలేదు. పన్నెండు కొట్టింది. సభ్యులు కోట్లు తొడుక్కుని ఎవరి కార్లు వాళ్లెక్కారు. పంతొమ్మిది రోజులు ఆఫీసులు మూతపడ్డాయి. బడి పిల్లల్ని ఊళ్లకు పంపేశాక మారిట్ అక్కడి వంటింటి తాళంచెవి తెచ్చి ఐనార్ ముందు బల్లమీద పెట్టింది. ఈ ఏడూ గవర్నరు అటే, సభ ఇటే.

ఐనార్ కొత్త రేకు కోసి బిగించాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఇత్తడి ముక్క ఆకురాయితో అరగదీసి చిన్న మీట చేశాడు. పెట్టె అడుగున దాన్ని తోస్తే లోలకం మెత్తగా ఆగుతుంది. రేకు మీద బరువు పడదు.

సోమవారం పదింటికి ఇరవై నిమిషాలుండగా వెండెల్‌ని పిలిచి చూపించాడు. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"తర్వాత తిట్టరుగా, పెద్దాయనా?"

"ఆపకపోతేనే తిడతాను."

వెండెల్ మీట తోశాడు. చప్పుడు ఆగింది. వెనక్కి లాగాడు, మళ్లీ నడిచింది. ఐనార్ ముల్లు సరిచేసి, తలుపు మూసి, గడియారం తాళంచెవి అతని అరచేతిలో పెట్టాడు.