తెనాలి స్కానింగులో అక్క తల పట్టుకున్నదెవరు?

నేను కోతలు కోస్తానని రేపల్లెలో అందరికీ తెలుసు. దయ్యాల కథలు మరీ కమ్మగా చెబుతాను, ఒక్కదాన్నీ నమ్మను కాబట్టి. ఇది మాత్రం కల్పించింది కాదు. కల్పిస్తే ఇంతకంటే బాగానే కల్పించేవాణ్ణి.

తొంభైల మొదట్లో మాట. బావ స్కూటరు వెనక కూర్చున్న మా అక్క భట్టిప్రోలు దగ్గర జారిపడింది. పైకి దెబ్బేం లేదు. మర్నాటికి వాంతులు, మాట తడబాటు. తలలో నెత్తురు గడ్డ కట్టి ఉంటుందని, ఎక్కడుందో తెలియందే ఆపరేషన్ చేయలేనని తెనాలి డాక్టరుగారు అన్నారు.

తెనాలికి అప్పుడే సీటీ స్కాన్ మిషన్ వచ్చింది. తలను పొరలు పొరలుగా చూపిస్తుందట. ఇప్పటిలా క్షణాల్లో అయ్యేది కాదు, ఒక్కో పొరా ఆగి ఆగి తీసేది. అంతసేపూ మనిషి కదలకూడదు. అక్కేమో తల అటూ ఇటూ కొట్టుకుంటోంది. మొదటిసారి బొమ్మలన్నీ అలికేసినట్టు వచ్చాయి. మత్తిస్తే మళ్లీ లేవకపోవచ్చట. ఇంకోసారి చూసి, కుదరకపోతే హైదరాబాదు తీసుకెళ్లమన్నారు. అంతదూరం అక్క ప్రాణం నిలవదని మాకు తెలుసు.

మమ్మల్ని బయటికి పంపి తలుపు వేశారు. అద్దం వెనక కూర్చున్న ఆపరేటరుకి అక్క కాళ్లే కనిపిస్తాయి, తల మిషన్లో ఉంటుంది.

ఈసారి లోపల్నించి మూలుగు కూడా వినపడలేదు. "పెళ్లయ్యాక మీ అక్క ఇంతసేపు నోరు మూసుకోవడం ఇదే మొదటిసారిరా" అని నవ్వబోయి బావ ఏడ్చేశాడు.

కాసేపటికి ఆపరేటరు బయటికొచ్చి మా మీద విరుచుకుపడ్డాడు. "లోపలికి ఎవరెళ్లారండీ? తల పట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"ఎవరూ వెళ్లలేదండి. ఇక్కడే ఉన్నాం."

ఆయన నమ్మలేదు. ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించాడు. పుర్రెకి పక్కనే చిన్న చిన్న తెల్లటి చుక్కలు, ఒకవైపు నాలుగు, రెండోవైపు మూడు. వేళ్ల ఎముకలు అలాగే పడతాయట. బొటనవేళ్లు నుదుటి మీద ఉండి ఉంటాయన్నాడు.

బావ నా మొహం చూశాడు. మా నాన్న లూథరన్ బడిలో పంతులు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా రెండు చేతులతో తల పట్టుకుని ప్రార్థన చేసేవాడు. ఒక చేతి చిటికెనవేలు రైసుమిల్లు బెల్టులో పోయింది. ఆయన్ని బాపట్లలో సమాధి చేసి అప్పటికే ఏళ్లు గడిచాయి.

గడ్డ మాత్రం స్పష్టంగా కనిపించింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. అక్క బతికింది.

కొత్త మిషన్ కదా, ఏదో తేడా వచ్చి ఉంటుందన్నారు డాక్టరుగారు. నేనూ అదే అనుకుని ఊరుకుందును. కానీ తెలివొచ్చాక అక్క నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది.

"నాన్న చేతులు చల్లగా ఉన్నాయిరా. కాసేపు కదలకమ్మా, నిన్ను తీసుకెళ్లిపోతాను అన్నాడు."

ఆయన అక్కను బతికించడానికే పట్టుకున్నాడని బావ అందరికీ చెబుతాడు. నేను అవునని తలూపుతాను. ఎందుకు పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.