బుఖారీ మీది మేజోళ్లు

స్థావరానికి చేరేసరికి పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలయింది. కార్తీక మాసం. ఎత్తు పధ్నాలుగు వేల రెండు వందల అడుగులు. చివరి ఆరు కిలోమీటర్లు కాలినడక. వీపున ఇరవై రెండు కిలోల మూట. ఎండ తెల్లగా ఉన్నది, వేడి లేదు. లోయ వైపు నుండి ఎదురుగాలి. రాతి గోడలు, రేకు కప్పు, కప్పు మీద మట్టి సంచులు: అదే మా బంకరు. లోపల నిటారుగా నిలబడితే తల తగిలేది. పదకొండు మందిమి. ఆరు నెలల కాపలా.

సూర్యాపేటలోని యుద్ధచిత్రాభిమానులు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగారు. దాని సమాధానం ఆ బంకరులో ఉన్నది. కనుక ముందుగా బంకరు సంగతి చెప్పాలి.

సుబేదారు ఉత్తర్వులు క్లుప్తంగా ఉండేవి. గంట గంటకు క్రింది దళానికి క్షేమవార్త పంపాలి. టెలిఫోను తీగ తెగితే అరగంటలో మనిషి బయలుదేరాలి. పాదాలు తడిగా ఉంచుకున్నవాడికి క్షమాపణ లేదు. "చెయ్యి గడ్డకడితే నీ పని ఒక్కటే చెడుతుంది. కాలు గడ్డకడితే నిన్ను మోసే నలుగురి పని చెడుతుంది" అన్నాడాయన హిందీలో. మనిషికి మూడు జతల ఉన్ని మేజోళ్లు ఇచ్చారు. ఒక జత కాళ్లకు. ఒక జత చొక్కా లోపల, ఒంటి వేడిమికి. మూడవ జత బుఖారీ మీద. బుఖారీ అంటే కిరోసిన్‌తో మండే ఇనుప పొయ్యి. దాని మీదుగా ఒక తీగ కట్టి, తడిసినవాటిని ఆరవేసేవారం. పావుగంటకొకమారు తిప్పాలి. లేకుంటే మాడుతాయి.

నేను వైర్‌లెస్సు, టెలిఫోను చూసే హవల్దారును. సైన్యంలో చేరక మునుపు సూర్యాపేటలో ఒక పండితుని సన్నిధిలో ఆరేండ్లు కావ్యాలు చదివాను. యుద్ధవర్ణనకు తగినవి శార్దూల మత్తేభాలని నేర్చినవాడిని. బంకరు నాకు వేరొకటి నేర్పింది. యుద్ధంలో అధికభాగం తడిబట్టలు ఆరబెట్టుకోవడమే.

మా లైన్‌మన్‌ది సూర్యాపేట దగ్గరి మోతె. తెగిన తీగలు అతకడం అతని పని. ఇరవై ఆరేండ్ల వయసు, సన్నని మనిషి. ఎడమ ముంజేతికి ఎప్పుడూ నల్లని టేపు చుట్ట కంకణంలా ఉండేది. నేను పని చేస్తూ పద్యాలు గొణుక్కునేవాడిని గనుక నన్ను పంతులన్నా అని పిలిచేవాడు. పదకొండు మందిలో తెలుగువారం మేమిద్దరమే.

భోజనం ఐదున్నరకు. అటు తరువాత వంటవాడు మాకు సినిమా చెప్పేవాడు. అక్కడ తెర లేదు, యంత్రం లేదు. అతని జ్ఞాపకమే ప్రదర్శన. అన్నీ యుద్ధచిత్రాలే. గరిటె ఖడ్గమయ్యేది, మూత డాలయ్యేది. ఒకనాడు ఏదో కోటను కాపాడుతూ నేలకొరిగిన సేనాని చివరి పలుకులు గరిటె గుండెకు ఆనించుకొని ఐదు నిమిషాలు చెప్పాడు. ఇద్దరు కన్నీరు తుడుచుకున్నారు.

"ఆపు భాయ్" అన్నాడు లైన్‌మన్. "గుండెల ఈటె దిగినోడు గంత ఉపన్యాసం ఇస్తడా? పంతులన్నా, జర హిందీల చెప్పు గీనికి."

చెప్పాను. "అయితే వాడు ఏమంటాడో నువ్వే చెప్పు" అన్నాడు వంటవాడు.

"నీళ్లడుగుతడు. లేకుంటే, ఇంటికి తాళం ఏస్తిమా లేదా అని అడుగుతడు."

బంకరంతా నవ్వింది. వంటవాడికి కోపం వచ్చింది. "అటువంటి సినిమాకు టికెట్టు కొనేదెవడు?"

"ఎవ్వలు కొనకున్నా మా అక్క కొంటది" అన్నాడు లైన్‌మన్.

ఉత్తమ చిత్రమేది, అధమ చిత్రమేది అన్న వాదం ఆ తరువాత కూడా చాలా సాయంకాలాలు నడిచింది. వంటవాడి పక్షాన తొమ్మిదిమంది. లైన్‌మన్ పక్షాన అతడొక్కడే. నేను న్యాయనిర్ణేతను. నా మనస్సు మాత్రం వంటవాడి వైపే ఉండేది. సేనాని మాటలలో సమాసాలు బాగుండేవి.

మూడవ నెల. పగలు ఒంటిగంట ఇరవై నిమిషాలకు ఎదుటి కొండ నుండి గుండ్లు మొదలైనవి. తొమ్మిది లెక్కించాను. ఒకటి యాభైకి టెలిఫోను మూగబోయింది. వైర్‌లెస్సులో మాట్లాడితే శత్రువులు వింటారు. కాబట్టి తీగే ఆధారం. రెండు గంటల ఐదు నిమిషాలకు సుబేదారు లైన్‌మన్‌ను బయలుదేరమని ఉత్తర్వు ఇచ్చాడు. ఆయన, తక్కినవారు కందకాలలోకి వెళ్లారు. వంటవాడిని కూడా తీసుకుపోయారు. బంకరులో నేనొక్కడినే మిగిలాను.

లైన్‌మన్ కాళ్లమీది తడి మేజోళ్లు విప్పాడు. చొక్కాలోని పొడి జత తొడుక్కున్నాడు. తడివి బుఖారీ మీది తీగకు వేశాడు. కేబుల్ చుట్ట, పరీక్ష టెలిఫోను, పట్టకారు తీసుకున్నాడు. "వస్తనే" అన్నాడు. తలుపుకు బదులున్న కంబళిని ఎత్తి వెళ్లాడు.

అతని మేజోళ్లను పావుగంటకొకమారు తిప్పుతూ వచ్చాను. మూడు గంటల ఇరవై ఐదు నిమిషాలకు గంట మ్రోగింది.

"పంతులన్నా, ఇనవడ్తుందా?"

"వినబడుతున్నది."

"మంచిగనా?"

"చాలా స్పష్టంగా."

"స్పష్టంగనట! ఇనవడ్తుంది అంటే సాలదా?" నవ్వాడు. రొప్పుతున్నాడు. "ఇంకొక్క అతుకున్నది. టేపు సుట్టుకొనొస్త. అన్నా, నా సాక్సులు జర తిప్పు. మాడుతయి."

చెవిలో టేపు లాగుతున్న చప్పుడు. ఆపై ఇంకొక చప్పుడు. చెవిలో కాదు, నేలలో. తీగ మళ్లీ మూగబోయింది.

రిసీవరు నా చేతిలోనే ఉన్నది. దాని త్రాడు నాలుగు అడుగులు. బుఖారీ ఆరడుగుల దూరంలో ఉన్నది. రిసీవరు క్రింద పెట్టి రెండంగలు వేస్తే చాలు. పెట్టలేదు. పెట్టిన ఆ క్షణంలోనే అతడు పలుకుతాడేమోనని భయం. ఉన్ని కమురు వాసన వచ్చింది. చూస్తున్నాను. ఒక మేజోడు మడమ దగ్గర గోధుమరంగుకు తిరిగింది. సన్నని పొగ. చూస్తూనే ఉన్నాను. నాలుగు గంటల ఐదు నిమిషాలకు సుబేదారు లోపలికి వచ్చి రిసీవరును నా చేతిలో నుండి తీసుకున్నాడు. "ఇక చాలు" అన్నాడు. అప్పుడు వెళ్లి తిప్పాను.

మరునాటి ఉదయం ఏడు గంటలకు అతనిని తెచ్చారు. అతుకు పూర్తి అయి ఉన్నది. దానిమీద టేపు మూడు చుట్లు.

ఇంటికి తెలుగులో ఉత్తరం వ్రాయవలసినది నేనే. పెట్టె సర్దినదీ నేనే. జాబితాలో "మేజోళ్లు, ఉన్ని, జతలు" అని ఉంటుంది. జతలో ఒకటి తీసివేయరాదు. మాడినదాన్ని కూడా మడిచి పెట్టాను. పిమ్మట ఉత్తరానికి కూర్చున్నాను. మేజోళ్లు మాడతాయని చెప్పి పోయాడని ఒక తండ్రికి ఎట్లా వ్రాయడం? నా చదువు నాకు అడ్డుపడింది. ఇట్లా వ్రాశాను: "కంఠము తెగినను తంత్రి తెగరాదు, తల్లిదండ్రులకు నా కడపటి వందనము అని పలికి, మీ కుమారుడు వీరస్వర్గమలంకరించెను."

పెట్టెను ఇంటికి చేర్చే పని కూడా నాకే అప్పగించారు. ఖమ్మంలో రైలు దిగి, సూర్యాపేట బస్సెక్కి, మోతెలో దిగాను. ఉత్తరాన్ని ఊరి బడి మాష్టరు నలుగురిలో నిలబడి చదివాడు. తండ్రి ఆ వాక్యాన్ని రెండుమార్లు చదివించుకున్నాడు. అతని అక్క గుంజకు ఆనుకొని నిలబడి ఉన్నది. నేను మంచినీళ్లు త్రాగి తిరుగుబస్సు ఎక్కాను. మరల మోతెకు వెళ్లలేదు.

ఇది ముప్పై ఏండ్ల మాట. గత నెలలో కోదాడ నుండి ఒక ఇంజనీరింగు కళాశాల లెక్చరరు ఫోను చేశాడు. ఆ అక్క కొడుకు. సూర్యాపేటలో యుద్ధచిత్రాల చర్చ ఉన్నదనీ, తప్పక రావాలనీ కోరాడు.

ఆదివారం పదిన్నరకు వెళ్లాను. మూతబడిన సినిమా హాలు ప్రక్కన, ఒకప్పటి ప్రొజెక్టరు ఆపరేటరు ఇంటి మేడగది. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు. నల్లబల్ల మీద రెండు గళ్లు: ఉత్తమం, అధమం. చరిత్రలో జరిగిన యుద్ధాల చిత్రాలే పరిగణనకు వస్తాయి. ఉత్త మాటకు విలువ లేదు. వాదించేవాడు బల్లమీద సాక్ష్యం పెట్టాలి. అది వారి నియమం.

ప్రొజెక్టరు ఆపరేటరే మొదలుపెట్టాడు. తూకం వేసే ఇనుప గుండొకటి బల్లమీద ఠంగున పెట్టాడు.

"గా కోట సినిమాల ఫిరంగి గుండు పడంగనే పెట్రోలు బంకు లెక్క పేల్తది. గిది ఇనుము. గీడ ఏసిన. పేలిందా? పేలలే. అధమంల రాయుండ్రి."

"నీ బల్ల పగిలింది గద కాకా, గది సాలదా?" అన్నాడు మిర్యాలగూడ నుండి వచ్చిన రైస్‌మిల్లు ఆపరేటరు. అందరూ నవ్వారు.

తరువాత మంచుకొండ యుద్ధాన్ని గురించిన చిత్రం వచ్చింది. లెక్చరరు దాన్ని ఉత్తమంలో వ్రాయించాడు. మిల్లు ఆపరేటరు అదే చిత్రాన్ని అధమంలో వ్రాయించాడు.

"మూడు నిమిషాలు, లెక్చరర్ సాబ్! నేను గడియారం సూసిన. గుండు తగిలినంక హీరో మూడు నిమిషాలు డైలాగులు కొడ్తడు. మా మిల్లుల బెల్టుల చెయ్యి పడ్డోడు అమ్మా అని సుత అనలే."

"మీ మిల్లు వేరండీ, యుద్ధం వేరు" అన్నాడు లెక్చరరు. సంచిలో నుండి అద్దం కట్టిన ఉత్తరం తీసి బల్లమీద పెట్టాడు. ప్రక్కన ఒక ఉన్ని మేజోడు. మడమ దగ్గర అరచేతి మేర మాడి ఉన్నది. "మా మేనమామ గుండు మంటల్లో ఉండి ఫోనులో అన్న మాటలివి. కంఠము తెగినను తంత్రి తెగరాదు! ఇది ఆ మంటకి కాలిన మేజోడు. ఉత్తరం రాసిన మామయ్య ఇక్కడే ఉన్నారు, అడగండి."

మిల్లు ఆపరేటరు నావైపు తిరిగి చేతులు జోడించాడు. "సారూ, మీరు పెద్దమనుషులు. నిజమంటే నా రాత నేనే తుడుస్తా."

రెండవ వరుసలో, తలమీద కొంగుతో, అక్క కూర్చొని ఉన్నది. జుట్టు నెరిసింది. ఆమె వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు.

ఔననడం సులువు. నా వాక్యం ముప్పై ఏండ్లుగా వారి గోడమీద ఉన్నది. దానిని దించే అధికారం నాకున్నదా? ఇరవైమంది ఎదుట ఆ లెక్చరరును తలవంచుకొనేట్లు చేయాలా? కాని ఔనంటే, గరిటె పట్టుకున్న వంటవాడిని చూసి నవ్విన ఆ మనిషి నోటిలో వంటవాడి మాటలే శాశ్వతంగా ఉండిపోతాయి.

లేచాను. "ఆ వాక్యం నాది. అతనిది కాదు."

మిల్లు ఆపరేటరు జోడించిన చేతులు దించాడు.

గంటలు, నిమిషాలతో సహా చెప్పాను. వినబడుతున్నదా అని అడగడం, మూడు చుట్ల టేపు, మేజోళ్లు తిప్పమనడం. వెనుక వరుసలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

లెక్చరరు మేజోడు వైపు చూశాడు. "మరి ఈ మంట, మామయ్యా?"

"బుఖారీది. నేను తిప్పక మాడింది."

"మా పిల్లలకి గుండు దెబ్బకి కాలిందని చూపిస్తూ వచ్చానండీ ఇన్నేళ్లూ." అతని ముఖం ఎర్రబడింది. "అమ్మా, విన్నావా?"

"ఇన్న" అన్నది అక్క. కూర్చున్నచోటనే నావైపు తిరిగింది. "గా మాట మా తమ్మునిది కాదని మాష్టరు చదివిన నాడే నాకు ఎరుక అన్నా. సినిమాల సచ్చేటోడు మాట్లాడవట్టిండంటే, పల్లీలు తెస్తనని లేసి బైటికి వోయేటోడు. గసొంటోడు గిట్లంటడా?"

"మరి ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా?" అన్నాడు కొడుకు.

"తాత గది ఇనుకుంటనే బతికిండు బిడ్డా. గందుకే ఊకున్న. ఇగ తాత లేడు. నిజంగ ఏమన్నడో అడుగుదామనే ఇయ్యాల నీతోని వచ్చిన." ఆమె పెదవులు కదిలాయి. మెల్లగా ఆ మాట తనకు తానే చెప్పుకుంటున్నది. "సాక్సులు మాడుతయన్నడా? గది మావోడు."

లెక్చరరు లేచి, డస్టరు తీసుకొని, ఉత్తమం గడిలోని తన చిత్రాన్ని తుడిచాడు. మిల్లు ఆపరేటరు విజయోత్సాహం చూపలేదు. "టీ తెప్పియ్యి కాకా" అన్నాడు ప్రొజెక్టరు ఆపరేటరుతో.

అక్క బల్ల దగ్గరకు వచ్చింది.

"తిప్పినవా మరి?"

"తిప్పాను. ఆలస్యంగా."

"ఎంతసేపటికి?"

"నలభై నిమిషాలకు. రిసీవరు త్రాడు బుఖారీ దాకా అందదు."

"అంటే, గంతసేపు ఫోను వట్టుకొనే ఉన్నవా?"

"ఉన్నాను."

ఆమె చాలాసేపు మేజోడును చూసింది. పిదప రెండు వేళ్లతో దాన్ని పట్టుకొని, మాడిన వైపు క్రిందికి వచ్చేట్లు తిప్పిపెట్టింది. రొట్టె తిప్పినంత మామూలుగా.

పన్నెండు గంటల పదిహేను నిమిషాలకు తల్లీకొడుకులను మోతె బస్సు ఎక్కించాను. ఇంటికి నడిచి వచ్చాను. ఎండ కాస్తున్నది. కళ్లు మూసుకుంటే మళ్లీ ఆ బంకరే: తీగ మీద రెండు మేజోళ్లు. ఒకదాని మడమ నుండి దారంలా పొగ లేస్తున్నది. నా చెవికి రిసీవరు ఉన్నది. అవతల ఇంకా ఎవరూ మాట్లాడడం లేదు.