తవిటయ్య పోసిన సీసం

2003 జూన్‌లో నన్ను పలాసకు దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ ఆసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ప్రభుత్వ వైద్యుల్లో అది మొదటి మెట్టు. పేరులో సర్జన్ ఉన్నా మేం చేసేది ఎక్కువగా ఓపీ చూడటమే. ఆ తీరప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్దానం అంటే కిడ్నీ జబ్బు అని చేరకముందే విని ఉన్నాను. ఆ మాటే నా కళ్లకు గంతలు కట్టింది.

ఆ డిసెంబరులో అక్కుపల్లి నుంచి తవిటయ్య అనే మత్స్యకారుడు వచ్చాడు. అరవై దాటిన మనిషి. మూత్రం ధార సన్నబడిందన్నాడు. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం, ఎక్కువగా ఉంది. ఇంకేముంది, కిడ్నీ రోగుల రిజిస్టరులో పేరెక్కించేశాను. ఆ వయసు మగవాడికి మూత్రం ఇబ్బంది ఉంటే ప్రొస్టేట్ గ్రంథిని వేలితో తడిమి చూడాలని వైద్య విద్యార్థికి కూడా తెలుసు. గ్లౌజు, కాస్త జెల్లీ, రెండు నిమిషాలు చాలు. బయట వరుస చూసి నేను చేయలేదు. చిగుళ్ల అంచున నల్లటి గీత కనబడితే చుట్ట మరక అనుకున్నాను. కేస్ షీటులో వృత్తి అన్నచోట ‘చేపల వేట’ అని రాసి పంపేశాను.

ఎనిమిది నెలలు కిడ్నీ మందులే ఇచ్చాను. ఆగస్టులో ఆయన భార్య లచ్చమ్మ, కొడుకు గురయ్య ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు.

“కిడ్నీకి మందిత్తన్నారు గానీ నడుం ఇరిగిపోతందంటన్నాడు బాబూ. ఓపాలి సరిగ్గా సూడండి” అంది లచ్చమ్మ.

ఆ ‘సరిగ్గా’ గుచ్చుకుంది. అప్పుడు పరీక్షించాను. గ్రంథి రాయిలా తగిలింది. విశాఖపట్నం పంపితే ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది, అప్పటికే వెన్నెముకకు పాకింది. గట్టిపడిన గ్రంథి మూత్రాన్ని అడ్డగించడం వల్లే కిడ్నీలు దెబ్బతిన్నాయి. అక్కడి పెద్ద డాక్టరు ఉత్తరం చివర ఒక వాక్యం రాశారు: చిగుళ్ల మీద సీసపు గీత ఉంది, ఈయన ఏం పని చేస్తాడు?

నేను చుట్ట మరక అనుకున్నది ఒంట్లో సీసం చేరిందనడానికి గుర్తు. సిగ్గుతో ఆ ప్రశ్నే తవిటయ్యను అడిగాను.

“యేటకెళ్లని రోజుల్లో ఊరందరి వలలకీ సీసం గుళ్లు నానే పోత్తాను బాబూ. ముప్పయ్యేళ్లయింది.”

వల అంచు మునగడానికి కట్టే గుళ్లవి. కాశీబుగ్గ తుక్కు దుకాణం నుంచి పాత లారీ బ్యాటరీల పలకలు తెచ్చి, మూకుడులో కరిగించి, అచ్చుల్లో పోసేవాడు. సముద్రపు గాలికి మంట నిలవదని చుట్టూ తాటాకు దడి కట్టుకుని అందులోనే కూర్చునేవాడు. పొగంతా ఆయన ఊపిరిలోకే పోయేది. ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

“మీరడగనేదు గదా బాబూ. అదీ ఒక పనేటి?”

ఆ పలకల్లో సీసంతో పాటు ఆర్సెనిక్, కాడ్మియం కూడా ఉండవచ్చు. ఇవి ఒంట్లో చేరితే అంత తొందరగా పోవు. ఏళ్ల తరబడి కణాల్లోని జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి, ఆ దెబ్బను బాగుచేసుకునే శక్తినీ తగ్గిస్తాయి. కాడ్మియం ప్రొస్టేట్‌లో చేరి హార్మోనులా నటించి కణాలను పెంచగలదని కూడా అంటారు. అయితే ఒక మనిషి క్యాన్సరుకు ఇదే కారణమని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు.

“నా పని ఎలాగూ అయిపోనాది. ఈ యేడు నాకు కూకోడం అవ్వక గురయ్య పోసినాడు. నా మాట ఇనడు, మీరు సెప్పండి” అన్నాడు తవిటయ్య.

ఆదివారం అక్కుపల్లి వెళ్లాను. గురయ్య అంతా విని, సీసం వల్లే నాన్నకు జబ్బు వచ్చిందని కాగితం మీద రాసిస్తారా అని అడిగాడు. రాయలేనన్నాను.

“మరి ఎనిమిది నెల్లు మీకెందుకు తెల్నేదు?”

నేను చేయాల్సిన పరీక్ష చేయలేదు, అడగాల్సింది అడగలేదు, తప్పు నాదే అన్నాను. లచ్చమ్మ ముఖం తిప్పుకుంది. గురయ్య లేచాడు. సీసం కరిగించే చోట కట్టిన దడి పీకేశాడు. మరుసటి ఏడు ఊరివాళ్లు గుళ్లు బజారులోనే కొనుక్కున్నారని విన్నాను. అప్పటికి తవిటయ్య లేడు.

వృత్తి అన్నచోట ఒక్క మాట రాసి వదిలేయకూడదని, ఇంటి దగ్గర చేతులతో ఏం పని చేస్తారో కూడా అడగాలని ఆ కేసు నేర్పింది. ఆ ఆదివారం అక్కుపల్లి నుంచి వచ్చాక ఆ షీటు తీసి ‘చేపల వేట’ పక్కన ‘సీసం పోత’ అని చేర్చాను. కింద సంతకం చేసి, పాత డిసెంబరు తేదీ కాకుండా చేర్చిన రోజు తేదీనే వేశాను.