ముళ్ళకంపలో కొత్త అల్లుడు

అవి డెబ్భైల చివరి రోజులు. కొత్తగూడెంలో గుమాస్తాగా పనిచేస్తున్న నేను, పెళ్ళయిన నెలకు అత్తగారి ఊరు నేలకొండపల్లి వెళ్ళాను. అక్కడి పాత బౌద్ధ స్తూపం చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

చూపించడానికి మా ఆవిడ సరోజతో పాటు ఆమె మేనబావ రాజయ్య కూడా బయలుదేరాడు. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేయాలని పెద్దలు ఒకప్పుడు అనుకున్నారట. ఆ సంగతి ముందురోజే నా చెవిన పడింది. దారిపొడవునా ఇద్దరూ చిన్ననాటి కబుర్లు చెప్పుకుని నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

స్తూపం ఉన్న ఇటుకల దిబ్బ దగ్గరకు రాగానే రాజయ్య, "సరోజా, ఉరుకుదమా? ఎవరు ముందెక్కుతరో సూద్దం" అన్నాడు.

"అవ్ బావా, పా!" అంటూ ఆమె కుచ్చిళ్ళు ఎత్తిపట్టి పరుగెత్తింది.

నేనూ కొత్త పట్టుపంచెతో వాళ్ళ వెనకే ఉరికాను. సగం ఎక్కేసరికి కాలికింద ఇటుక జారి, దొర్లుకుంటూ రేగుకంపలో పడ్డాను. పంచె చిరిగి కంపకే ఉండిపోయింది.

రాజయ్య దిగివచ్చి తన తువ్వాల నా మీదికి విసిరాడు. "జల్దీ సుట్టుకో అన్నా! చేన్లకెల్లి ఆడోళ్ళు వస్తున్నరు."

అతని తువ్వాలతోనే ఊరంతా దాటి అత్తగారింటికి నడిచాను.

సాయంత్రం నా కాళ్ళలో ముళ్ళు తీస్తున్న సరోజను అడిగేశాను. "నీకు అతనైతేనే బాగుండేదేమో?"

ఆమె తలెత్తలేదు. "బావతోని చిన్నప్పటి సంది ఉరుకుతున్న. ఎన్నడన్న నాకోసం గిట్ల ముళ్ళల్ల పడ్డడా? కదలకుండ్రి, ఇంకోటి ఉంది."

ఆ మాటను అదే రాత్రి డైరీలో రాసుకున్నాను. తర్వాత రాజయ్య మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాకు కాస్త మండుతూనే ఉండేది. అప్పుడు ఆ పేజీ తీసి చదువుకునేవాణ్ణి.