కాంపౌండరు చెప్పిన పథ్యం

1956లో నన్ను టెక్కలి నుంచి ఉద్దానం తీరంలోని ఒక చిన్న సర్కారు ఆసుపత్రికి కాంపౌండరుగా వేశారు. డాక్టరుగారు చీటీ రాస్తారు. ఆ ప్రకారం మందు కలిపి, మోతాదు తెలిసేలా కత్తిరించిన కాగితం పట్టీ సీసాకు అంటించి, కిటికీలోంచి అందించడం నా పని. పథ్యం చెప్పమని ఏ రూలూ లేదు. కానీ పథ్యం లేని మందును అక్కడెవరూ మందు కింద జమకట్టరు. డాక్టరుగారిని అడగాలంటే జంకు. నన్ను అడగడానికి జంకెందుకు? నేనూ మహా పండితుడిలా చెప్పేసేవాణ్ణి.

ఆ ఏడు మాకు సీసా మందుకు బదులు ఇనుము బిళ్లలు కొత్తగా వచ్చాయి. జాలరి ఇల్లాలు నీలమ్మకు ఆరో నెల. తొలి కాన్పులో రక్తం చాలక చావు తప్పి బయటపడింది, బిడ్డ దక్కలేదు. డాక్టరుగారు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, పాలిపోయి ఉందని బిళ్లలు రాశారు. అత్త పోలమ్మ కిటికీ దగ్గరికొచ్చి, "పథ్యమేటి బాబూ?" అంది.

"చేపలు, గోంగూర ముట్టకూడదు" అన్నాను, తలెత్తకుండానే.

నెల తిరిగేసరికి నీలమ్మ మరీ పాలిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరుగారు బిళ్లలనే అనుమానించారు. నేను డబ్బా తెచ్చి చూపించి, "మందులో లోపం లేదండీ, వీళ్లే సరిగా వేసుకోరు" అని ఓ మాట కలిపాను. నీలమ్మకు ఒళ్లు మండింది.

"ఒక్క పూటా మాననేదు బాబూ! ఇంటిల్లిపాదీ సేపల పులుసు తింతంటే నాను గంజి తాగతన్నాను. ఇంకేటి సెయ్యాల?"

చేపలు మానమన్నదెవరని డాక్టరుగారు అడిగారు. పోలమ్మ నావైపు వేలు చూపించింది. "ఈ బాబే సెప్పినాడు."

ఆయన తిట్టినా బాగుండేది. "రక్తం పట్టడానికి నేను మందిచ్చాను, రక్తం పట్టే తిండి నువ్వు మాన్పించావు. ఇద్దరం కలిసి బాగానే వైద్యం చేశామయ్యా" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన అత్తాకోడళ్లను కూర్చోబెట్టి, బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో, ఏమేం తినాలో నిదానంగా చెప్పారు. చేపలు ముందు చెప్పారు.

నీలమ్మ క్షేమంగా ఆడపిల్లను కన్నది. పోలమ్మ ఎండుచేపల మూటతో డాక్టరుగారి గది దాటుకుని తిన్నగా నా కిటికీకే వచ్చింది. "నువ్వు నెల్లాళ్లు నోరు కట్టించినావు కాబట్టే బిళ్ల పని సేసినాది బాబూ!"

ఎంత చెప్పినా వినలేదు. మర్నాటి నుంచి నా కిటికీ దగ్గర జనం పెరిగారు.

తెలియనిది తెలియదని చెప్పడం కూడా కాంపౌండరు డ్యూటీయేనని నాకు అప్పుడు తెలిసింది. ఆపైన పథ్యం అడిగిన ప్రతివాళ్లనూ డాక్టరుగారి బల్ల దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. తెలిసీ దాస్తున్నానని ఆ ఊరు నా బదిలీ దాకా నమ్మింది.