ఊఁ కొట్టిన జీపు

మొన్న శనివారం నా చేతుల మీద ఒక జీపు ఊపిరాగి చచ్చి, మల్ల బతికింది. ఇప్పుడే నవ్వకుండ్రి. వరుసగ చెప్త, ఆఖర్ల నవ్వుండ్రి.

ముందుగాల జీపు సంగతి. మా మనవరాలు స్రవంతి కరెంటాఫీసుల పని చేస్తది. సెలవులన్నీ కూడబెట్టుకొని, ముగ్గురు దోస్తులతోని నాలుగు బండ్ల మీద స్పితి లోయకు పోతనన్నది. హిమాలయాలల్ల ఉంటదట. రోడ్డు మీదికెల్లి వాగులు పారుతయట, ఆగితే అడిగే దిక్కుండదట. అందుకని పాత డీజిల్ జీపొకటి కొనుక్కొచ్చి, గౌలిపురల మా ఇంటెనక కొట్టంల పెట్టి, ఎనిమిది నెలల సంది ముస్తాబు చేస్తున్నది. దొడ్డు టైర్లు, నెత్తి మీద మడతపెట్టే టెంట్, వెనక నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్, ఆ ఫ్రిజ్‌కు ఇంకో బ్యాటరీ. నా కూతురి పెండ్లికి గూడ ఇంత సామాను ఎక్కలే!

ఆ కొట్టం ఒకప్పుడు మా బర్రెలది. ఆఖరుకు మిగిలిన గౌరి పోయినేడు అక్కడ్నే కండ్లు మూసింది. సరిగ్గ అది నిలవడే జాగలనే జీపు నిలవడ్డది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండ్రి.

ఇంకొకటి గూడ చెప్పాలె. ఇంజనుకు మన లెక్కనే ముక్కుంటది. వాగు దాటేటప్పుడు ఆ ముక్కు మునిగితే ఇంజను నీళ్లు మింగి ఆగమైతది. అందుకే ముక్కుకు ఒక గొట్టం తగిలించి, అద్దం పక్క నుంచి జీపు నెత్తి దాక లేపుతరు. దాన్ని స్నార్కెల్ అంటరు. మెకానిక్ సలీం గురువారం నాడు గొట్టం బిగించిండు. దాని మీది టోపీ ఇంకా రాలే, రేపు సాయంత్రం పెడ్తనన్నడు. ఈ సలీం ఆరో తరగతిల నా దగ్గర పాఠాలు విన్నోడే, ముందటి బెంచీల కూసునేటోడు.

దోస్తులు నలుగురు ఒక మాటనుకున్నరు. శనివారం పది గంటలకు ఊరవతల నాలుగు బండ్లు కలిసి నడిపి చూసుకోవాలె. ఏ బండి మొరాయిస్తే ఆ బండి, ఆ మనిషి ఇంట్లనే. మిగిలినోళ్లు ఆదివారం తెల్లారంగనే బయల్దేరాలె. అందరిలోకి పాత బండి మా పిల్లదే. పిల్లకు రాత్రిళ్లు నిద్ర లేదు.

ఇగ శుక్రవారం మధ్యాహ్నం. స్రవంతి ఆఫీసుకు పోయింది. ఎండ మండుతున్నది, ఉండుండి వడగాలి కొడ్తున్నది. గల్లీల మనిషి లేడు, కుక్క గూడ లేదు. కొట్టం ముందట ఆరేసిన ఎండుమిర్పకాయలు ఎత్తుదామని పోయిన.

"మంచిగ ఎండినయి" అన్న, నాకు నేనే.

"ఊఁ" అన్నది వెనక నుంచి.

తిరిగి చూసిన. ఎవరు లేరు. జీపుకు తాళం ఉన్నది. అద్దాలకు చెయ్యి అడ్డం పెట్టి లోపటికి చూసిన. సీటు మీద మడిచిన దుప్పటి తప్ప ఏం లేదు. ఆ దుప్పటి గూడ ఎవరో ఇప్పుడే లేచి పోయినట్ల కొంచెం గుంటపడి ఉన్నది.

"నా చెవులు పాడైనట్టున్నయి" అన్న.

"ఊఁ..."

కథ చెప్తుంటే అరకండ్లు మూసుకొని వినేటోళ్లు కొడ్తరు చూడుండ్రి, అసొంటి ఊఁ. సన్నగ, పొడుగ్గ, కడుపులకెల్లి వచ్చినట్ల. నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో ఏమో, "గౌరీ?" అన్న.

"ఊఁ... ఊఁ..."

మిర్పకాయల చాట కింద పడ్డది. ఆ సప్పుడికి పక్కింటి యాదమ్మ గోడ మీదికెల్లి తొంగి చూసింది. ఆమె గూడ విన్నది. పాలోళ్లింటి మనిషి, బర్రెల సంగతి ఆమెకు నేను చెప్పాల్నా?

"అక్కా, గది గౌరినే!" అన్నది గొంతు తగ్గించి. "దాని జాగల గీ ఇనుముదాన్ని కట్టేస్తే ఊకుంటదా? రేపు పిల్ల దీంట్లనే కూసొని గంత దూరం పోవాలె గదా. దిష్టి మూట కట్టు, నా మాట విను."

"ఏ, నువ్వూరుకో యాదమ్మా" అన్న.

"ఊఁ" అన్నది జీపు.

నేను సైన్సు టీచర్ను. ముప్పై ఏండ్లు 'మూఢనమ్మకాలు వద్దు' అని బోర్డు మీద రాసినదాన్ని. కానీ నేను రాస్తున్నప్పుడు బోర్డు ఎన్నడు ఊఁ అనలే!

పాత నల్ల జాకిటి చింపి, అండ్ల దొడ్డుప్పు, ఏడు మిర్పకాయలు, ఒక నిమ్మకాయ పెట్టి మూట కట్టిన. జీపు మెట్టెక్కి, చెయ్యి పైకి చాపి, అన్నిటికన్న ఎత్తుగ ఉన్నదని ఆ గొట్టం మూతికి కట్టబోయిన. ముడి పడకముందే మూట జారి లోపటికి పోయింది. వేళ్లు పెట్టి చూసిన, అందలే. 'లోపట ఉంటే ఇంకా మంచిదేనాయె' అనుకున్న. అనుకున్న క్షణం నుంచి ఊఁ బందయింది.

సాయంత్రం సలీం వచ్చి టోపీ బిగించి పోయిండు. నేను నోరు తెరువలే. టీచర్ పరువు ఉంటది గదా.

శనివారం పొద్దుగాల స్రవంతి డ్రైవింగు, నేను పక్క సీటు, సలీం వెనక సీటు. గల్లీలల్ల మెల్లగ మంచిగనే నడిచింది. కిషన్‌బాగ్ దిక్కు ఖాళీ రోడ్డెక్కి, స్రవంతి జోరు పెంచిందో లేదో జీపు దగ్గింది, వెనక నల్లటి పొగ వదిలింది, ఆగింది. పక్కకు చూస్తే ఖబ్రస్తాన్ గోడ, అవతల అన్ని గోరీలే.

మల్ల స్టార్ట్ చేస్తే అయ్యింది. జోరు పెంచంగనే ఆగింది. వెనకకు తిప్పుకొని మల్ల వచ్చినం. మల్ల అదే గోడ! గోడ అవతల చెట్టు మీద ఒక్క ఆకు కదుల్తలేదు. సలీం గూడ పెదవులు కదిలిస్తూ ఏదో చదువుకుంటున్నడు.

"డీజిల్ బరాబర్ వస్తుంది, బ్యాటరీ ఠీక్ ఉంది. ఫిర్ క్యా హువా ఇస్కో, ఏమైంది దీనికి?" అని తల పట్టుకున్నడు.

స్రవంతి స్టీరింగు మీద నుదురు ఆనిచ్చింది. "తొమ్మిదిన్నర అయ్యింది అమ్మమ్మా. నన్ను వదిలిపెట్టి పోతరు."

పిల్ల ఏడుస్తుంటే నాకు ఒక్కటే మందు తెలుసు, పాఠం చెప్పుడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, వరుసగ ఆలోచిద్దాం. ఇంజన్ల ఏముంటది? మంట. మంట మండాలంటే ఏం కావాలె?"

"గాలి టీచరమ్మా!" అన్నడు వెనక నుంచి సలీం, అలవాటు కొద్ది. "మీరే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిచ్చి చూపెట్టిన్రు. గాలి అందక ఆరిపాయె."

"శభాష్. మరి గాలి ఇంజన్లకు ఎక్కడికెల్లి..."

అక్కడ ఆగిపోయిన. ఆ గొట్టం దిక్కు చూసిన.

"సలీం, ఆ టోపీ ఇప్పు."

"ఎందుకు?"

"ఇప్పమంటిని గదా!"

టోపీ ఇప్పి, వంకర తీగ లోపటికి దింపి గుంజిండు. నల్లటి మూట ఒకటి బయటికొచ్చి, రోడ్డు మీద పడి, విచ్చుకున్నది. నిమ్మకాయ దొర్లుకుంట పోయి సరిగ్గ ఖబ్రస్తాన్ గోడకు తగిలి ఆగింది.

"యా అల్లా!" సలీం రెండడుగులు వెనకకు దుంకిండు. "ఎవరో జాదూ చేసిన్రు బేటీ! ముట్టుకోకు!"

స్రవంతి మొఖం సున్నం లెక్క అయ్యింది. "నా మీద ఇంత పగ ఎవరికి అమ్మమ్మా?"

నేను గోడ దిక్కు చూస్తున్న. పిల్ల వంగి, గుడ్డను చూసి, నన్ను చూసింది. "దీనికి హుక్కున్నది... ఇది నీ జాకిటి గదా?"

చెప్పక తప్పలే. అంతా విని సలీం రోడ్డు పక్కనే కూలబడి నవ్విండు. "టోపీ లేని గొట్టం మీదికెల్లి గాలి కొడ్తే సీసా మూతి ఊదినట్టే టీచరమ్మా. ఊఁ అంటది. అది గూడ మీరు చెప్పిన పాఠమే! బండికి నజర్ తగల్లే, మీ దిష్టి మూట తగిలింది."

ముక్కు తెరుచుకోంగనే జీపు గర్జించింది. పదికి రెండు నిమిషాలు తక్కువుండంగ చేరుకున్నం. ఆదివారం తెల్లారంగ మా పిల్ల అందరి కంటె ముందు బండి కదిలించింది, ఇంకో మూట ఉన్నదేమోనని నా కొంగు, సంచులు అన్ని వెతికినంక.

ఇప్పుడు కొట్టం ఖాళీ. టోపీ పెట్టినంక ఆ గొట్టం మల్ల మాట్లాడలే. మధ్యాహ్నం పూట అక్కడ పీట ఏసుకొని కూసుంటున్న, ఏదన్న ఒకటి చెప్తున్న. జవాబు రాదు. ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పినగని, నేను చెప్పిన ప్రతి మాటకు అంత శ్రద్ధగ ఊఁ కొట్టిన విద్యార్థి ఆ జీపొక్కటే. దాని నోట్ల నేనే జాకిటి కుక్కిన!